ప్రయాణికుల ప్రశ్నలు: హీత్రోలో దిగి సౌతాంప్టన్‌లో ఓడెక్కేవారికి కారు బుకింగ్

ఓడ ప్రయాణాల గురించి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే దారి మీదివి. లండన్ హీత్రో విమానాశ్రయంలో దిగి, సౌతాంప్టన్ రేవులో క్రూయిజ్ ఎక్కడం, తిరిగి రావడం. అందుకని జవాబులన్నీ ఒక్కచోటే ఇస్తున్నాం. చివర్లో రోమ్ నుంచి వెళ్లేవారి ఉత్తరం ఒకటుంది.

ప్రశ్న: అమ్మానాన్నలు, మేమిద్దరం, ఐదేళ్ల బాబు హైదరాబాద్ నుంచి వస్తున్నాం. శనివారం మధ్యాహ్నం 12.45కు హీత్రోలో దిగుతాం. ఓడ అదే రోజు సాయంత్రం 5 గంటలకు. పెద్దవాళ్లతో రైళ్లు మారలేం కాబట్టి కారు మాట్లాడుకుందామనుకుంటున్నాం. టైము సరిపోతుందా? (విజయవాడ)

సరిపోదు. లెక్క చూడండి. భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవారికి హీత్రోలో ఈ-గేట్లు (యంత్రమే పాస్‌పోర్ట్ చూసి వదిలే గేట్లు) పనిచేయవు, అధికారి ఉన్న కౌంటర్ దగ్గర వరుసలో నిలబడాల్సిందే. ఆ వరుస, లగేజీ బెల్టు, బయటికి నడక కలిపి గంటన్నర నుంచి రెండు గంటలు అనుకోండి. డ్రైవర్‌ను కలిసి, కార్ పార్కింగ్ దాకా నడిచి, పెట్టెలు ఎక్కించేసరికి రెండున్నర, మూడు అవుతుంది. అక్కడి నుంచి సౌతాంప్టన్ రేవు సుమారు 105 నుంచి 110 కిలోమీటర్లు. ఎం25 మీదుగా ఎం3 మోటార్‌వే ఎక్కితే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. ఓడ 5 గంటలకంటే 5 గంటల దాకా ఎక్కించుకుంటారని కాదు. బయలుదేరడానికి గంట, గంటన్నర ముందే చెక్-ఇన్ మూసేస్తారు. ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగదు. క్రూయిజ్ కంపెనీ ద్వారానే విమానమూ బుక్ చేసుకున్నారా, విడిగా కొనుక్కున్నారా అన్నదాన్ని బట్టి వాళ్ల బాధ్యత మారుతుంది. విడిగా కొన్నవారికి టికెట్ డబ్బు పోయినట్టే.

విమానం శుక్రవారానికి మార్చుకోండి. అది కుదరకపోతే ప్రయాణం తేదీలే మార్చుకోవడం మేలు. ఒకరోజు ముందు వస్తే కారు బుకింగ్‌కూ రెండు మార్గాలుంటాయి. దిగిన రోజే సౌతాంప్టన్ వెళ్లి అక్కడి హోటల్లో పడుకోవడం ఒకటి, హీత్రో దగ్గర పడుకుని మర్నాడు ఉదయం బయలుదేరడం ఇంకొకటి. మా సలహా మొదటిదే. ఓడెక్కే రోజు ఎం3 మీద ప్రమాదం జరిగి రోడ్డు మూసేసినా మీకు దిగులుండదు, రేవు పది నిమిషాల దూరంలో ఉంటుంది. కాకపోతే శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక ఎం25, ఎం3 రెండూ కిక్కిరిసిపోతాయి. వించెస్టర్ దగ్గరా బండ్లు నిలిచిపోతుంటాయి. రెండున్నర గంటలు పట్టినా ఆశ్చర్యపోకండి. పెద్దవాళ్లకు మధ్యలో బాత్‌రూమ్ అవసరమవుతుందని బుకింగ్‌లోనే రాయండి. దారిలో ఫ్లీట్, వించెస్టర్ సర్వీసులు (బండి ఆపుకునే విశ్రాంతి స్థలాలు) ఉన్నాయి. ముందే చెప్పని ఆగడానికి కొందరు అదనంగా తీసుకుంటారు.

ప్రశ్న: ఐదుగురం, ఎనిమిది పెట్టెలు. సెలూన్ కారు (మన సెడాన్) సరిపోతుందన్నారు. నిజమేనా? (వరంగల్)

అన్నవాళ్లు పెట్టెలు లెక్కపెట్టలేదు. కంపెనీలు రాసే "4 సీట్లు" అన్నది మనుషులకే తప్ప సామానుకు కాదు. సెలూన్ డిక్కీలో పెద్ద సూట్‌కేసులు రెండు, క్యాబిన్ బ్యాగులు రెండు పడతాయి. వెనక డిక్కీ పొడుగ్గా ఉండే ఎస్టేట్ కారులో పెద్దవి మూడు నాలుగు. ఆరు సీట్ల ఎంపీవీలో (మూడు వరుసల పెద్ద కారు) వెనక వరుస తెరిస్తే మనుషులు పడతారు, సామానుకు చోటుండదు. ఆ వరుస మడిస్తే సామాను పడుతుంది, మనుషులు నలుగురే. చాలామంది మోసపోయేది ఇక్కడే. ఐదుగురికి ఎనిమిది పెట్టెలంటే 8 సీట్ల వ్యాన్ అడగండి. ఫోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టర్, మెర్సిడెస్ వీటో లాంటివి.

ఫారంలో "లగేజీ: 8" అని మాత్రమే రాస్తే చాలదు. "28 అంగుళాల సూట్‌కేసులు 5, క్యాబిన్ బ్యాగులు 3, మడిచే స్ట్రోలర్ 1, మడిచే వీల్‌చైర్ 1" అని విడివిడిగా రాయండి. చంటిపిల్లలు కూడా తలల లెక్కలోకే వస్తారు. బ్రిటన్‌లో ప్రైవేట్ హైర్ (ముందుగా బుక్ చేసుకునే అద్దె కారు) లైసెన్స్ ఉన్న బండిలో ప్రయాణికులు ఎనిమిదిమందికి మించకూడదు. తొమ్మిదో మనిషి ఒడిలో పిల్లాడైనా డ్రైవర్ ఒప్పుకోడు, ఒప్పుకుంటే ఇన్సూరెన్స్ చెల్లదు. రెండు కుటుంబాలు కలిసి వెళ్తుంటే రెండు బండ్లు, లేదా మినీబస్సు.

ప్రశ్న: బుకింగ్ ఫారంలో విమానం నంబర్, టెర్మినల్, పికప్ టైమ్ అడుగుతున్నారు. మేం దుబాయ్‌లో విమానం మారి వస్తాం. ఏం రాయాలి? (నెల్లూరు)

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి వచ్చే విమానం నంబర్ రాయకండి. దుబాయ్ నుంచి హీత్రోకి వచ్చే రెండో విమానం నంబర్ రాయండి. డ్రైవర్ ఆలస్యాన్ని ఆ నంబర్‌తోనే చూసుకుంటాడు. మొదటి నంబర్ ఇస్తే, అది దుబాయ్‌లో దిగిన సమయం చూసి మీరు రాలేదనుకునే ప్రమాదం ఉంది. తేదీ కూడా హీత్రోలో దిగే తేదీ. రాత్రి విమానాలకు బయలుదేరే తేదీ వేసి, ఒకరోజు ముందే బండి రప్పించుకున్నవారు తక్కువేం కాదు. సమయాన్ని 24 గంటల పద్ధతిలో రాయండి. "12.30" అంటే పగలా, రాత్రా అన్న సందేహం రాదు.

పికప్ టైమ్ రెండు రకాలుగా పెట్టొచ్చు. విమానం దిగగానే అంటే ఉచిత వెయిటింగ్ దిగిన క్షణం నుంచి మొదలవుతుంది. చాలా కంపెనీలు 45 నిమిషాలో గంటో ఇస్తాయి. పాస్‌పోర్ట్ వరుసలోనే అది అయిపోయి, వెయిటింగ్ చార్జీ, పార్కింగ్ చార్జీ పడతాయి. కాబట్టి "దిగిన 75 నిమిషాల తర్వాత" అని ఎంచుకోండి. ఆ ఎంపిక లేకపోతే రిమార్కుల్లో రాయించండి.

ఫోన్ నంబర్ +91తో సహా ఇవ్వండి, ఆ నంబర్ మీదే వాట్సాప్ ఉండాలి, రోమింగ్ ఆన్ చేసి ఉండాలి. హీత్రోలో ఉచిత వైఫై దొరుకుతుంది. పాస్‌పోర్ట్ వరుసలో నిలబడగానే డ్రైవర్‌కు ఒక మెసేజ్ పెట్టేస్తే ఆయన తొందరపడి పార్కింగ్‌లోకి రాడు, మీకు ఆ గంట పార్కింగ్ ఖర్చూ తగ్గుతుంది.

ప్రశ్న: "దిగాల్సిన చోటు" దగ్గర సౌతాంప్టన్ పోర్ట్ అని రాస్తే చాలదా? (లండన్, హౌన్స్‌లో)

చాలదు. అక్కడ క్రూయిజ్ టెర్మినల్స్ ఐదున్నాయి: ఓషన్, క్వీన్ ఎలిజబెత్-2, సిటీ, మేఫ్లవర్, 2021లో మొదలైన హొరైజన్. మొదటి రెండూ తూర్పు డాక్స్‌లో, గేట్ 4 వైపు. మిగతా మూడూ పడమటి డాక్స్‌లో. తూర్పుకు వెళ్లేవారు సాధారణంగా ఎం3 చివరి నుంచి ఏ33 పట్టుకుంటారు. పడమటికి ఎం27 మీదుగా ఎం271 దిగుతారు. తప్పు గేటుకు వెళ్తే ఊరి మధ్య ట్రాఫిక్‌లో తిరిగి రావాలి, ఓడలు నాలుగైదు ఉన్న శనివారాల్లో ఆ కొద్ది దూరానికే అరగంట పడుతుంది.

బుకింగ్‌లో ఓడ పేరు, తేదీ, టెర్మినల్ పేరు, చెక్-ఇన్ స్లాట్ నాలుగూ రాయండి. కంపెనీ పేరు కాదు, ఓడ పేరు. ఒకే కంపెనీ ఓడలు రెండు ఒకేరోజు వేరే టెర్మినల్స్‌లో ఉండొచ్చు. టెర్మినల్ ఆఖరి వారంలో మారడం మామూలే, కాబట్టి ప్రయాణానికి మూడు రోజుల ముందు క్రూయిజ్ యాప్‌లో చూసి, మారితే కారు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. సెప్టెంబర్‌లో వెళ్లేవారికి ఇంకో మాట: మేఫ్లవర్ పార్కులో బోట్ షో జరిగే రోజుల్లో పడమటి డాక్స్ దారి ఇరుకవుతుంది. అదనంగా ముప్పావుగంట వేసుకోండి.

స్లాట్ 12.30కు ఉంటే 12.15కు చేరితే చాలు. రెండు గంటలు ముందు చేరితే బయట నిలబెడతారు.

ప్రశ్న: పెద్ద పెట్టెలు రేవులో తీసేసుకుంటారట. ఏవి దగ్గర ఉంచుకోవాలి? (గుంటూరు)

కారు దిగగానే పోర్టర్లు ట్యాగు ఉన్న పెట్టెలు తీసుకుంటారు, సాయంత్రానికి మీ గది ముందుంటాయి. కాబట్టి ట్యాగులు ఇంట్లోనే ప్రింట్ తీసి, స్టేపుల్ చేసి, డిక్కీలో పెట్టేముందే కట్టేయండి. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, బీపీ షుగర్ మందులు, ఇన్సులిన్, కళ్లజోళ్లు, బాబు బట్టలు ఒక జత చేతి సంచిలో. హీత్రో నుంచి నేరుగా వచ్చేవారు పాస్‌పోర్టు పెద్ద పెట్టెలో దాచే అలవాటు మానుకోవాలి. అది లేకుండా టెర్మినల్ లోపలికి పోలేరు, పెట్టె అప్పటికి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీపెట్టె ఓడలోకి రానివ్వరు. ఎక్స్‌రేలో కనబడితే పెట్టె ఆపేస్తారు, రాత్రి భద్రతా విభాగం దగ్గరికి వెళ్లి తెరిచి చూపించాలి.

ప్రశ్న: బాబుకు కార్ సీటు కావాలా? కారు కంపెనీ లేదంటోంది. (హైదరాబాద్)

బ్రిటన్‌లో 12 ఏళ్లలోపు, 135 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకు తగిన సీటు ఉండాలి. టాక్సీకి, ముందుగా బుక్ చేసిన ప్రైవేట్ హైర్‌కు మినహాయింపు ఉంది: సీటు లేకపోతే వెనక సీట్లోనే కూర్చోవాలి, 3 ఏళ్లు దాటితే పెద్దల బెల్టు పెట్టుకోవాలి. అది చట్టం ఇచ్చే సడలింపు మాత్రమే. మోటార్‌వే మీద గంటకు 110 కిలోమీటర్ల వేగంలో ఐదేళ్ల పిల్లాడి మెడ దగ్గర పెద్దల బెల్టు ఎక్కడికొస్తుందో ఒకసారి మీ కారులోనే కూర్చోబెట్టి చూడండి. బూస్టర్ సీటు ఇచ్చే కంపెనీని వెతకండి. బాబు వయసు, బరువు, ఎత్తు మూడూ చెప్పండి, ఇచ్చేది బూస్టరో, పూర్తి సీటో అడగండి.

ప్రశ్న: కంపెనీ నిజమైనదో కాదో ఎలా తెలుస్తుంది? హీత్రో బయట "సౌతాంప్టన్, సార్" అంటూ పిలిచేవాళ్లూ ఉంటారు కదా? (ఖమ్మం)

పిలిచేవాడి బండి ఎక్కకండి. ప్రైవేట్ హైర్ కారును ముందుగా, లైసెన్స్ ఉన్న ఆపరేటర్ ద్వారానే బుక్ చేయాలి. దారిలో ఎక్కించుకోవడం చట్టవిరుద్ధం, ఇన్సూరెన్స్ వర్తించదు. బుక్ చేసేముందు ఆపరేటర్ లైసెన్స్ నంబర్ అడగండి. లండన్‌ది అయితే ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సైట్‌లో, వేరే ఊరిదైతే ఆ ఊరి కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) దగ్గర తనిఖీ చేయొచ్చు. ఆపరేటర్, డ్రైవర్, వాహనం మూడింటి లైసెన్సూ ఒకే సంస్థ ఇచ్చినవై ఉండాలి. బండి వచ్చాక రిజిస్ట్రేషన్ నంబర్ మెసేజ్‌లోదానితో పోల్చుకుని ఎక్కండి.

ధర విషయానికి వస్తే, ఒప్పుకున్న మొత్తంలో పార్కింగ్, వెయిటింగ్, బేబీ సీటు, లండన్ కాలుష్య చార్జీ ఉన్నాయా అని రాతలో తెచ్చుకోండి. హీత్రో నుంచి సౌతాంప్టన్ దారిలో టోల్ లేదు, టోల్ అని అడిగితే అనుమానించండి. తిరుగు ప్రయాణంలో టెర్మినల్ ముందు దింపడానికి హీత్రో రుసుము వసూలు చేస్తుంది. గేటు ఉండదు, కెమెరా నంబర్ తీసుకుంటుంది, మర్నాటి అర్ధరాత్రిలోగా ఆన్‌లైన్‌లో కట్టాలి. ఎవరు కడతారో ముందే తేల్చుకోండి. బంధువు కారులో దింపితే ఆయన కట్టడం మరిచిపోయి జరిమానా చీటీ అందుకోవడం తరచూ జరిగేదే.

ప్రశ్న: తిరుగు ప్రయాణంలో ఓడ ఉదయం 6.30కు చేరుతుంది. 11 గంటల విమానం తీసుకోవచ్చా? (సికింద్రాబాద్)

వద్దు. ఓడ చేరడం వేరు, మీరు దిగడం వేరు. సామాను తామే మోసుకుని దిగేవారిని ముందు వదులుతారు. పెట్టెలు రాత్రి గది బయట పెట్టినవారికి రంగుల ట్యాగుల వరుస ప్రకారం తొమ్మిదిన్నర దాకా పడుతుంది. పికప్ 9.30కు పెట్టుకుని, విమానం మధ్యాహ్నం రెండు తర్వాతది చూడండి. ఓడ రేవుకు చేరే ముందురోజు రాత్రి నుంచీ ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచి, ఒడ్డున సిగ్నల్ వచ్చాకే తీయండి. సముద్రంలో ఓడ సెల్ నెట్‌వర్క్ బిల్లు ఘోరంగా ఉంటుంది. డ్రైవర్‌తో ఏ టెర్మినల్, ఏ పికప్ జోన్ అన్నది ఓడెక్కేరోజే మాట్లాడి పెట్టుకోండి.

ప్రశ్న: రోమ్‌లో మూడు రోజులుండి చివితావెక్కియాలో ఓడెక్కుతాం. అక్కడా ఇదే పద్ధతా? (బెంగళూరు)

పద్ధతి ఒకటే, కొన్ని తేడాలున్నాయి. రోమ్ నడిబొడ్డు నుంచి రేవు దాదాపు 80 కిలోమీటర్లు, గంటా పదిహేను నిమిషాలు. ముందుగా బుక్ చేసుకునే కార్లను అక్కడ ఎన్‌సీసీ అంటారు, అధికారిక టాక్సీలు తెల్లగా ఉంటాయి. మీ హోటల్ పాత ఊళ్లో ఉంటే అది వాహనాలకు పరిమితి ఉన్న జోన్‌లో ఉండొచ్చు. బండి గుమ్మం దాకా వస్తుందా, పెట్టెలు వీధి చివరి దాకా లాక్కోవాలా అని హోటల్‌నే అడగండి. రాళ్లు పరిచిన దారిలో చక్రాల పెట్టె లాగడం పెద్దవాళ్లకు నరకం. ఇక ఫియుమిచీనో విమానాశ్రయం రోమ్‌కు పడమట, రేవు వైపే ఉంది. ఊరు చూడకుండా నేరుగా వెళ్లేవారు రోమ్‌లోకి అసలు రానక్కర్లేదు. చివితావెక్కియాలోనూ ఓడలు వేర్వేరు గట్ల దగ్గర నిలుస్తాయి. అందుకే ఓడ పేరు చెప్పి, ఓడ దగ్గరదాకా దింపుతారా లేక లార్గో దెల్లా పాచే అనే బస్సుల స్టాపు దగ్గర దింపి ఉచిత రేవు బస్సు ఎక్కమంటారా అన్నది ముందే రాతలో తీసుకోండి.