ఇటుకల్లో వేడి దాచే పనికి ఏ బ్రాంచి చదవాలి?

ఎర్రగుంట్ల నుంచి ఒక తండ్రి అడిగారు: "నేను సిమెంట్ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌ని. మా పాప ఇంటర్ ఎంపీసీ పాసైంది. సోలార్ కరెంటును వేడిగా మార్చి దాచే పని నేర్చుకుంటుందంట, 'రెన్యూవబుల్ ఎనర్జీ' అని పేరున్న బీటెక్ కావాలంటోంది. బంధువులందరూ సీఎస్ఈ అంటున్నారు. ఏం చేయమంటారు?"

అన్నా, పాప చెప్పేది గాలి కబురేం కాదు. కర్నూలు సోలార్ పార్కు ఒక్కటే 1000 మెగావాట్లు, అదీ ఎండ ఉన్నంతసేపే, ఫ్యాక్టరీకి మాత్రం ఆవిరి రాత్రీ పగలూ కావాలి. అందుకే మధ్యాహ్నం కరెంటుతో ఇటుకలను వెయ్యి డిగ్రీలకు పైగా వేడెక్కించి, చుట్టూ మందంగా ఇన్సులేషన్ కట్టి, రాత్రి వాటి మధ్య గాలి ఊది ఆ వేడిని బాయిలర్‌కు పంపుతారు. టన్ను ఇటుకను వెయ్యి డిగ్రీలు వేడెక్కిస్తే దాదాపు 280 యూనిట్లు దాచినట్టే, అంటే ఒక మామూలు ఇంటికి నెలకు పైనే సరిపోయే కరెంటు. ఇటుకలో వేడి పట్టిపెట్టడం మరీ కొత్త విద్య కూడా కాదు, ఉక్కు ఫ్యాక్టరీల్లో బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము కరిగించే కొలిమి) పక్కన ఉండి దానికి వేడిగాలి పంపే స్టవ్‌లు చేసేది అదే, 1857లోనే ఇంగ్లండ్‌లో కౌపర్ అనే ఇంజినీరు దానికి పేటెంట్ తీసుకున్నాడు.

అలాగని కడపలో రేపే ఉద్యోగాలు వస్తాయని నేను చెప్పను. మీ కిల్న్‌లో (సిమెంట్ కొలిమిలో) క్లింకర్‌కు, అంటే పొడి చేస్తే సిమెంట్ అయ్యే గడ్డలకు, 1450 డిగ్రీలు కావాలి, అది కష్టమైన లెక్క. 150, 200 డిగ్రీల ఆవిరి చాలనుకునే డెయిరీలు, బట్టల మిల్లులు, మందుల ఫ్యాక్టరీలకు ముందు పనికొస్తుంది. బాయిలర్‌లో కాల్చుకోను ఊక తన దగ్గరే దొరికే రైస్ మిల్లు ఓనరు దీనివైపు ఎందుకు చూస్తాడు?

డిగ్రీ పేరు చూసి మోసపోవద్దు. మెకానికల్ లేదా కెమికల్ చదివించండి, ర్యాంకు వస్తే అనంతపురం జేఎన్‌టీయూ, లేదంటే పులివెందుల. థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ గట్టిగా పట్టుకుంటే చాలు, సోలార్ మందగించినా బాయిలర్లు ఎక్కడికీ పోవు. మూడేళ్లు ప్లాంటులో పనిచేశాక ఎనర్జీ ఆడిటర్ (ఫ్యాక్టరీల్లో కరెంటు, ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో లెక్కతేల్చే మనిషి) పరీక్ష రాయొచ్చు. కోడింగ్ మీదే మనసుంటే సీఎస్ఈ సరే, బంధువుల కోసమైతే వద్దు.

ఇంకొకటి. ఈసారి షట్‌డౌన్‌లో కిల్న్ లోపలి ఇటుకల లైనింగ్ పీకినప్పుడు, అడిగి ఒక పాత ఇటుక ఇంటికి తీసుకురండి. ఒక కొసన కోటింగ్ పట్టి పగిలి ఉంటుంది, ఇంకో కొస కొత్తదానిలాగే ఉంటుంది. ఎందుకో పాపనే చెప్పమనండి. రోజూ వేడెక్కి చల్లారే ఇటుక పగలకుండా చూడటమే ఈ రంగంలో అసలు తలనొప్పి.