ఊళ్లో ప్లాటు అమ్మొద్దు, బాబు పేరు మీద ఎఫ్‌డీ వేయొద్దు

ప్రశ్న: మాకు ఇద్దరు పిల్లలు. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఐదు. బాబుకి ఆటిజం అని రెండేళ్ల కిందట తెలిసింది. అప్పుడే నేను టీచర్ ఉద్యోగం మానేశాను, నెలకి 25,000 వచ్చేది. మావారిది హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 72,000 వస్తుంది. అందులో ఇంటి ఈఎంఐ 24,000, థెరపీలకి 19,000 పోతుంది. ఏడాది ఫీజు ఒకేసారి కడితే 15 శాతం తగ్గిస్తామని సెంటర్ వాళ్లు అంటున్నారు. నల్గొండలో ఉన్న ప్లాటు అమ్మి స్టెమ్‌సెల్ చికిత్స చేయించమని బంధువులు, అమ్మిన డబ్బు బాబు పేరు మీద ఎఫ్‌డీ వేద్దామని మావారు. స్కూల్లోనేమో వాడి కోసం ఒక టీచర్‌ని మీరే పెట్టుకోండి అంటున్నారు. నేను మళ్లీ ఉద్యోగంలో చేరితే తప్పా?

జవాబు: అమ్మా, ముందు ప్లాటు సంగతి తేల్చేద్దాం. స్టెమ్‌సెల్ కోసం అయితే ఒక్క గజం కూడా అమ్మొద్దు. నేను డాక్టర్‌ని కాను, కానీ ఈ విషయంలో దేశంలో వైద్య పరిశోధనలు చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ మాటే చెప్తున్నాను. వాళ్ల 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకి తప్ప మిగతావాటికి స్టెమ్‌సెల్స్ వాడాలంటే అది అనుమతి తీసుకుని చేసే పరిశోధన అయి ఉండాలి, పరిశోధనలో చేరిన వాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. అంటే మీ దగ్గర లక్షలు అడుగుతున్నారంటేనే అక్కడ ఏదో తేడా ఉందన్నమాట. మీ బంధువులకి ఈ ఒక్క మాట చెప్పండి చాలు, పండగ పూట వాదన పెట్టుకోనక్కర్లేదు.

15 శాతం తగ్గింపు లెక్క చూద్దాం. ఏడాదికి 2,28,000 అవుతుంది, తగ్గిస్తే 1,93,800. మిగిలేది 34,200, వినడానికి బాగానే ఉంది. కానీ నా దగ్గరికి వచ్చే ఒకాయన ఇలాగే ఏడాది డబ్బు కట్టాడు, నాలుగో నెలలో వాళ్ల బాబుకి అలవాటైన స్పీచ్ థెరపిస్ట్ మానేసింది, కొత్త అమ్మాయిని చూస్తే పిల్లాడు గుమ్మం దగ్గరే కూర్చుని ఏడ్చేవాడు, డబ్బు వెనక్కి అడిగితే రసీదు మీద చిన్న అక్షరాల్లో ఉన్న లైను చూపించారు. మీరు నెలనెలా కట్టండి. మరీ బలవంతపెడితే మూడు నెలలకి మించి వద్దు. కట్టే ప్రతిసారీ మూడు అడగండి: ఈ మూడు నెలల్లో ఏం నేర్పాలనుకుంటున్నారో కాగితం మీద, ఇంట్లో మీరు ఏం చేయించాలో, బాబు పేరూ థెరపిస్ట్ ఆర్‌సీఐ (ఇలాంటి నిపుణుల్ని నమోదు చేసే కేంద్ర మండలి) రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న బిల్లు. మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చే ముందు రెండు క్షణాలు ఆగి వాడు అడిగేదాకా చూడటం లాంటివి ఇంట్లో మీరు చేయించగలిగితే, సెంటర్లో సెషన్లు కొన్ని తగ్గించొచ్చేమో అని థెరపిస్ట్‌నే మొహమాటం లేకుండా అడగండి. రెండో అభిప్రాయం కావాలంటే సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు, పాతవాళ్లకి ఎన్ఐఎంహెచ్ అంటేనే తెలుస్తుంది. ప్రైవేటుతో పోలిస్తే అక్కడ ఖర్చు బాగా తక్కువ. తిరగాలి, ఓపిక కావాలి, అది మాత్రం నిజం.

ఇక కాగితాలు. మీ ఉత్తరంలో వైకల్య సర్టిఫికెట్ ఊసే లేదు, అదే నాకు టెన్షన్. పిల్లాడికి ముద్ర పడిపోతుందని చాలామంది తీసుకోరు. తీసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, వైకల్యం 40 శాతం అని రాసిస్తే చాలా తలుపులు తెరుచుకుంటాయి. మన దగ్గర సదరం అని అందరికీ అలవాటైన పని అదే, ఇప్పుడు యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు వస్తుంది. ఆ కార్డుతో నేషనల్ ట్రస్ట్ (ఆటిజం లాంటి వైకల్యాలున్న వాళ్ల కోసం కేంద్రం పెట్టిన సంస్థ) వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా తీసుకోవచ్చు. ఏడాదికి లక్ష వరకు కవర్, చేరడానికి మీలాంటి వాళ్లకి 500, ముందుగా వైద్య పరీక్షలేమీ ఉండవు. థెరపీ బిల్లులకీ కొంత వస్తుంది, లోపల విడిగా పరిమితి ఉంటుంది కాబట్టి 19,000 మొత్తం దాన్నుంచి వస్తుందని ఆశ పెట్టుకోకండి. ఇందాక బిల్లు మీద పేరు, నంబరు అన్నది దీనికోసమే.

పన్ను విషయంలో, వైకల్యం ఉన్నవాళ్లని పోషించేవాళ్లకి 80డీడీ సెక్షన్ కింద 75,000 తగ్గింపు ఉందని ఆడిటర్ ఊరిస్తాడు. అది పాత పద్ధతిలో మాత్రమే. ఏడాదికి 12.75 లక్షల లోపు జీతానికి కొత్త పద్ధతిలో పన్నే పడదు, మీవారు బహుశా అక్కడే ఉన్నారు. దాని కోసం బుర్ర పాడుచేసుకోకండి.

స్కూలు వాళ్లతో గొడవ పడకండి, ఉత్తరం రాయండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లలో పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలని, అవసరమైన సాయం అందేలా చూడాలని ఇందాక చెప్పిన 2016 చట్టమే చెప్తోంది. "మీరు టీచర్‌ని పెట్టుకోమన్నారు, మీ వైపు నుంచి ఏ ఏర్పాట్లు చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయండి" అని మర్యాదగా రెండు లైన్లు రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటితో అన్నంత తేలిగ్గా కాగితం మీద రాయలేరు. జవాబు రాకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు, ఆ ఉత్తరమే మీ ఆధారం.

బాబు పేరు మీద ఎఫ్‌డీ ఎందుకు వద్దంటున్నానంటే, 18 నిండగానే చట్టం దృష్టిలో వాడు పెద్దవాడు. సంతకం పెట్టలేకపోతే బ్యాంకు మిమ్మల్ని కూడా పక్కన నిలబెడుతుంది. అప్పుడు జిల్లా కలెక్టర్ ఉండే లోకల్ లెవల్ కమిటీ దగ్గర సంరక్షకులుగా నియామకం తెచ్చుకోవాలి. అది ఎలాగూ అవసరం పడొచ్చు, కానీ డబ్బు మాత్రం మీ ఇద్దరి పేర్ల మీదే ఉంచుకుని వీలునామా రాయండి. మీ తర్వాత బాబు వాటా ఒక ట్రస్టులోకి వెళ్లేలా, ఆ ట్రస్టు వాడి ఖర్చులు చూసేలా ఆ వీలునామాలోనే రాయొచ్చు. లాయర్‌కి కొంత ఖర్చవుతుంది, మీ ఒక నెల థెరపీ కంటే ఎక్కువ అడిగితే ఇంకో లాయర్‌ని చూడండి. పాపని, 18 నిండాక, ట్రస్టీల్లో (ట్రస్టుని నడిపేవాళ్లలో) ఒకరిగా పెట్టండి, ఒక్కదాన్నే పెట్టకండి. "అక్క ఉందిగా, చూసుకుంటుంది" అని తొమ్మిదేళ్ల పిల్ల ముందు ఇప్పటినుంచే అనేస్తుంటారు మన ఇళ్లలో, నాకు అస్సలు నచ్చని మాట అది.

వీలునామాతో పాటు ఒక నోటుబుక్ పెట్టుకోండి. మిక్సీ వేసే ముందు చెప్పకపోతే చెవులు మూసుకుంటాడనో, పెరుగన్నం స్టీలు గిన్నెలోనే తింటాడనో, మీకు మాత్రమే తెలిసినవి అందులో రాయండి. రేపు ట్రస్టీకి బ్యాంకు పాస్‌బుక్ కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

మీవారి పేరు మీద కనీసం కోటి టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. కంపెనీ ఇచ్చేది ఉద్యోగంతోనే పోతుంది. తీసుకునేటప్పుడే ఎండబ్ల్యూపీ చట్టం (వివాహిత మహిళల ఆస్తి చట్టం) కింద కావాలని చెప్పండి, ఆ డబ్బు మీకూ పిల్లలకే, అప్పులవాళ్లు ముట్టుకోలేరు. పీఎఫ్ నామినేషన్‌లో బాబు వివరాలు నింపారా అన్నది కూడా చూడండి. ఉద్యోగి పోయాక, పూర్తి శాశ్వత వైకల్యం ఉన్న పిల్లలకి ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం) పెన్షన్ వయసుతో సంబంధం లేకుండా వస్తుంది. అది మీ బాబుకి వర్తిస్తుందా లేదా అన్నది పెద్దయ్యాక తేలుతుంది, పేరు మాత్రం ఇప్పుడే ఉండాలి.

ఉద్యోగం తప్పా అని అడిగారు. ఈఎంఐ, థెరపీ పోగా 29,000తో నలుగురు హైదరాబాద్‌లో బతుకుతున్నారు, టర్మ్ పాలసీకి డబ్బు ఎక్కడినుంచి తెస్తారు? బాబు స్కూల్లో ఉండే పొద్దుటి పూటకి ఒంటిపూట పని దొరికితే 12,000 వచ్చినా చేరండి. అందులో మొదటి నెల జీతం వీలునామాకి.