సర్పంచుల్లో సగం మంది ఆడవాళ్లే కదా, అసెంబ్లీకి వచ్చేసరికి ఎందుకు కనిపించరు?

కారణం టికెట్. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతు పదవులు మహిళలకు ఇచ్చింది, తెలుగు రాష్ట్రాలు దాన్ని సగానికి పెంచాయి. అక్కడ పార్టీలకు వేరే దారి లేదు. అసెంబ్లీకి, లోక్‌సభకు ఆ నిర్బంధం ఇంకా అమల్లోకి రాలేదు. 2024లో లోక్‌సభకు గెలిచిన మహిళలు 543 మందిలో 74 మందే.

మహిళా సర్పంచులు పైకి ఎదగకపోవడానికి ఇంకో చిక్కు ఉంది. రిజర్వేషన్ మారుతూ ఉంటుంది. సీటు జనరల్ కాగానే ఆమెకు పోటీచేసే హక్కు పోదు, కానీ మద్దతిచ్చే నాయకులు మాయమవుతారు. పైగా చాలా ఊళ్లలో పెత్తనం భర్తదే. మండలాఫీసుకు ఆయనే వెళ్తాడు, కాంట్రాక్టరుతో ఆయనే మాట్లాడతాడు, ఆమె చెక్కు మీద సంతకం పెడుతుంది. దాంతో ఐదేళ్లు పదవిలో ఉన్నా పరిచయాలు, పేరు ఆమెవి కావు. అధికారులు భర్తకు కుర్చీ వేయడం మానేస్తే సగం తీరుతుంది, నన్నడిగితే.

కొత్తగా గెలిచినవాళ్లు మొదటి వారంలోనే చేయాల్సింది: డిజిటల్ సంతకం కీ (ఆన్‌లైన్‌లో సర్పంచి సంతకంగా చెల్లే పరికరం), దాని పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకోవాలి. ఓటీపీలు తన ఫోన్‌కే రావాలి. బ్యాంకు స్టేట్‌మెంటు, తీర్మానాల పుస్తకం చదవకుండా సంతకం పెట్టకూడదు. ఆడిట్‌లో తేడా వస్తే నోటీసు వచ్చేది ఆమె పేరు మీదే, భర్త పేరు మీద కాదు.

చట్టసభల్లో మూడో వంతు ఇచ్చే 106వ సవరణ 2023లో వచ్చింది కానీ, జనగణన, ఆపై నియోజకవర్గాల పునర్విభజనతో ముడిపెట్టారు. రాజ్యసభకు, శాసనమండలికి అదీ వర్తించదు.