ఎమ్మెస్సీ లెక్కల్లో చేరుతున్న అమ్మడికి

అమ్మడూ,

సీటు వచ్చిందని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. రియల్ అనాలిసిస్, గ్రూపులు డిగ్రీలో చదివినవే కదా అనిపిస్తుంది. మొదటి ఇంటర్నల్‌లో చాలామంది దెబ్బతినేది అక్కడే. డిగ్రీలో ప్రూఫ్ ఉన్నదున్నట్టు రాస్తే మార్కులు పడేవి. ఇప్పుడు అదే సిద్ధాంతంలో ఒక షరతు తీసేసి, ఇంకా నిజమేనా అని అడుగుతారు.

అందుకని ముందు నిర్వచనాలు పట్టుకో. క్లాసు జరిగిన సాయంత్రమే నోట్సు మూసేసి తెల్లకాగితం మీద నిర్వచనం రాయి. దాని కిందే, అది వర్తించకపోవడమంటే ఏమిటో ఒక ఉదాహరణతో (కౌంటర్ ఎగ్జాంపుల్) కూడా రాయి. యూనిఫాం కంటిన్యూటీనే తీసుకో. ఫంక్షన్ విలువల తేడా ఎప్సిలాన్ కంటే తక్కువ ఉండాలంటే బిందువుల మధ్య దూరం ఎంతకంటే తక్కువ ఉండాలో చెప్పేది డెల్టా. మామూలు కంటిన్యూటీలో బిందువు ముందు, డెల్టా తర్వాత. కాబట్టి బిందువును బట్టి డెల్టా మారొచ్చు. యూనిఫాం అంటే అన్ని బిందువులకూ ఒకే డెల్టా సరిపోవాలి. ఎక్స్ స్క్వేర్‌కు వాస్తవ రేఖ మొత్తం మీద అలాంటి డెల్టా దొరకదు. ఎన్ ఒక బిందువు, ఎన్‌కు 1 బై ఎన్ కలిపితే వచ్చేది రెండో బిందువు, ఈ రెండూ చూడు. ఎన్ పెరిగేకొద్దీ వాటి మధ్య దూరం సున్నాకు పోతుంది, వర్గాల తేడా మాత్రం ఎప్పుడూ 2 కంటే ఎక్కువే. ఎప్సిలాన్ 1 పెడితే ఏ డెల్టా నిలవదు. అదే ఫంక్షన్‌ను 0 నుంచి 1 వరకు పరిమితం చెయ్యి, డెల్టాగా ఎప్సిలాన్ బై 2 చాలు. ఎందుకంటే అక్కడ ఎక్స్, వై అనే ఏ రెండు బిందువులు తీసుకున్నా ఎక్స్ ప్లస్ వై 2 దాటదు. ఈ లెక్క చేత్తో వేసి చూస్తేనే క్లోజ్డ్, బౌండెడ్ సెట్ మీద కంటిన్యూటీ ఉంటే యూనిఫాం కంటిన్యూటీ కూడా ఉంటుందనే సిద్ధాంతంలో ఆ రెండు మాటలు ఎందుకొచ్చాయో తెలుస్తుంది.

ఆల్జీబ్రాకు చిన్న గ్రూపుల పట్టికలు గీసి దగ్గర పెట్టుకో. డి4 (చతురస్రం సౌష్ఠవాల గ్రూపు), క్వాటర్నియన్ గ్రూపు (1, ఐ, జె, కె, వాటి మైనస్‌లు) రెండింటిలోనూ 8 మూలకాలే, రెండూ ఎబీలియన్ కావు, అంటే గుణించే క్రమం మారిస్తే జవాబు మారొచ్చు. కానీ ఆర్డర్ 2 ఉన్న మూలకాలు (ఐడెంటిటీ కాకుండా, తమతో తాము గుణిస్తే ఐడెంటిటీ వచ్చేవి) డి4లో 5, క్వాటర్నియన్‌లో ఒక్కటే. కాబట్టి ఐసోమార్ఫిక్ (ఒకే నిర్మాణం ఉన్నవి) కావు. సబ్‌గ్రూపులన్నీ నార్మల్ (ఏ మూలకంతోనైనా ఎడమ నుంచి గుణించినా, కుడి నుంచి గుణించినా ఒకే సెట్ ఇచ్చేవి) అయితే గ్రూపు ఎబీలియనే అనుకునేవాళ్ళకు క్వాటర్నియనే జవాబు.

లెక్క రాకపోతే కనీసం 40 నిమిషాలు దానితోనే కూర్చో. ఎక్కడ ఆగావో ఒక వాక్యంలో రాసి, అప్పుడు సీనియర్లను అడుగు. సొల్యూషన్ ముందే చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, పరీక్షలో చెయ్యి కదలదు.

ఎలక్టివ్‌గా ఫంక్షనల్ అనాలిసిస్ తీసుకోవాలంటే, లీనియర్ ఆల్జీబ్రా, మెజర్ థియరీ ముందు గట్టిపడనీ. నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) బిట్లు మొదటి నెలనుంచే మొదలుపెట్టకు. ఆ పరీక్ష పార్ట్ సీలో ఒకటికి మించి ఆప్షన్లు సరైనవి కావచ్చు, అన్నీ సరిగ్గా గుర్తిస్తేనే మార్కులు. అక్కడ పనికొచ్చేది నువ్వు సాయంత్రాలు రాసుకున్న ఆ కౌంటర్ ఎగ్జాంపుల్స్ కాగితాలే. పారెయ్యకు, తేదీ వేసి ఒక ఫైల్లో పెట్టు.

ఆశీస్సులతో,
పెదనాన్న