ఆఫీసులో ఇష్టమని చెప్తే కాదంది, ఇప్పుడు ఎలా మెలగాలి?

పక్క టీమ్ అమ్మాయితో ఆమె అంటే ఇష్టమని మీరు చెప్పారు, "సారీ, నాకలాంటి ఉద్దేశం లేదు" అంది. ముఖం చెల్లడం లేదు, ఉద్యోగం మారిపోనా అని అడుగుతున్నారు.

మారక్కర్లేదు. ఒకసారి మర్యాదగా అడగడం తప్పేం కాదు. చిక్కంతా రెండోసారి అడగడంతోనే వస్తుంది. "ఇప్పుడు కాదు", "పనితో తీరిక లేదు" అన్నా అది కాదన్నట్టే. రోజూ కలిసి పనిచేయాలి కాబట్టి చాలామంది సూటిగా చెప్పరు.

ఒకటి గమనించండి. బయటి పరిచయమైతే ఫోన్ ఎత్తడం మానేసి తప్పుకోవచ్చు. ఆఫీసులో ఆ వీల్లేదు, సోమవారం మీటింగ్‌లో ఎదురుగా కూర్చోవాల్సిందే. అంటే ఇబ్బంది మీ ఒక్కరిదే కాదు, ఇతను పనిలో కక్ష తీర్చుకుంటాడేమో అని ఆమెకీ ఉంటుంది. ఇదివరకు ఆమె మెయిల్‌కి పది నిమిషాల్లో జవాబిచ్చి, ఇప్పుడు సాయంత్రం దాకా నానబెడితే, మీరు పని ఒత్తిడి అనుకున్నా ఆమెకి అది అలకే. అతిగా నవ్వుతూ పలకరించడమూ అంతే.

"అర్థమైంది, పనిలో ఏ తేడా రానివ్వను" అని ఒక్కసారి చెప్పి వదిలేయండి. పదేపదే క్షమాపణలు చెప్తే మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. క్యాంటీన్ కబుర్లలో ఆమె పేరు ఎత్తకండి, మందు పార్టీలో అసలే వద్దు. బాధ చెప్పుకోవాలంటే ఆఫీసుతో సంబంధం లేని స్నేహితుడికి చెప్పుకోండి.

మీరు ఆమెకి పైస్థాయిలో ఉంటే మాత్రం లెక్క వేరు. అప్రైజల్ మీ చేతిలో ఉన్నప్పుడు ఆమె ఔనన్నా అది మనస్ఫూర్తిగానో కాదో మీకు తెలిసే దారి లేదు.