శ్రావణికి, బాక్సింగ్ అంచనాల గురించి

చి. శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. ఉద్యోగం చేసుకుంటూనే రాత్రిళ్లు బాక్సింగ్ బౌట్లు చూసి, ఎవరు గెలుస్తారో లెక్కగట్టి చెప్పే టెలిగ్రామ్ ఛానల్ పెట్టబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. సగం తిట్టింది, సగం ఏడ్చింది. నాకు గర్వంగానూ ఉంది, గుబులుగానూ ఉంది. కుడి కాలు, కుడి చెయ్యి ముందుంచి ఆడే సౌత్‌పా స్టైల్ ఏమిటో డైనింగ్ టేబుల్ దగ్గర నిలబడి మీ నాన్నకు చేసి చూపించావట కదా! గర్వం అందుకు. గుబులు సంగతి ముందు తేల్చేస్తాను, మిగతాది ప్రశాంతంగా రాసుకోవచ్చు.

తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టం సవరించారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించారు, ‘ఇది నైపుణ్యంతో ఆడేది’ అని తప్పించుకునే సందు కూడా మూసేశారు. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చింది. డబ్బు ఆటలు నడిపేవాళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, 1 కోటి దాకా జరిమానా. వాటికి ప్రచారం చేసేవాళ్లకు 2 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఈ రెండో ముక్క నీకోసమే. నువ్వు ఒక్క రూపాయి కాయకపోయినా, నీ ఛానల్ కింద ఏదో యాప్ లింకు పెట్టి, దాన్నుంచి కమీషన్ తీసుకుంటే అది ప్రచారమే. అదే ఏడాది మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లను ప్రమోట్ చేసినవాళ్ల మీద కేసులు పెట్టారు, గుర్తుందిగా? మలక్‌పేటలో గుర్రాల మీద కాయడం లేదా అని నాతో వాదించకు. రేస్‌కోర్సు ఆవరణలో జరిగేదాన్ని చట్టం విడిగా వదిలిపెట్టింది. బాక్సింగ్‌కు ఆ మినహాయింపు లేదు.

కాబట్టి కాయడం వద్దు, కాయించడం అసలే వద్దు. అంచనా వేయడం మాత్రం మానకు. అది మంచి విద్య, ఓపిక ఉన్నవాళ్లకే పట్టుబడుతుంది.

రికార్డు దగ్గర మొదలుపెట్టు, అక్కడే ఆగిపోకు. బాక్సర్ల రికార్డులుండే బాక్స్‌రెక్ సైట్‌లో 18-0, అంటే 18 గెలుపులు, ఓటములు సున్నా అని కనబడగానే కళ్లు చెదరకూడదు. చివరి ఆరుగురు ప్రత్యర్థుల పేర్లు రాసుకుని, ఆ రోజుకి వాళ్ల రికార్డు ఎంతో, ఆ తర్వాత వాళ్లేమయ్యారో చూడు. వరసగా ఓడిపోతూ వస్తున్నవాళ్లను, రెండు తరగతుల కింది బరువు నుంచి పైకి వచ్చినవాళ్లను కొట్టి పోగేసిన సున్నా అయితే దానికి విలువ లేదు. నాకౌట్ శాతం కూడా అంతే, గట్టి ప్రత్యర్థులు ఎదురయ్యేకొద్దీ పడిపోతుంది. ఖాళీగా గడిచిన కాలాన్నీ లెక్కేసుకో. విజేందర్ సింగ్ ప్రొఫెషనల్‌గా 12కి 12 గెలిచి, 2019 నవంబరు తర్వాత రింగులోకి దిగలేదు. 2021 మార్చిలో గోవాలో ఓడ మీద ఆర్తిష్ లోప్సాన్‌తో ఆడి, ఐదో రౌండులో ఓడిపోయాడు. ఆ బౌటుకు ముందు కాగితం మీద 12-0 అలాగే ఉంది, మధ్యలో పోయిన పదహారు నెలలు అందులో కనపడవు.

వీడియోలు చూసేటప్పుడు సౌండు కట్టెయ్. కామెంటేటర్ ఎవరిని మెచ్చుకుంటే నీ కళ్లు వాడి వెంటే పోతాయి. ఒక్కొక్కరివి మూడు బౌట్లు చాలు: ఈమధ్యది ఒకటి, ఇప్పటి ప్రత్యర్థిలాంటి స్టైల్ ఉన్నవాడితో ఆడింది ఒకటి, ఓడిపోయింది లేదా చచ్చీచెడీ గెలిచింది ఒకటి. హైలైట్స్ చూడకు, అందులో తగిలిన దెబ్బలే ఉంటాయి. తగలనివి చూడాలి. జాబ్ (ముందు చేత్తో వేసే సూటి దెబ్బ) వేశాక ఆ చెయ్యి ఎక్కడికి తిరిగొస్తోంది? గడ్డం దగ్గరికా, ఛాతీ కిందికా? కిందికి వాలుతుంటే అవతలివాడి కుడి చెయ్యి ఆ దారినే వస్తుంది. 1936లో మాక్స్ ష్మెలింగ్ జో లూయీ ఫిల్ములు చూసి పట్టుకున్నది ఇదే. అంతవరకూ ఓటమే ఎరగని లూయీ జాబ్ వేశాక ఎడమ చెయ్యి దించేవాడు. పన్నెండో రౌండులో నాకౌట్ అయ్యాడు. రెండేళ్ల తర్వాత మళ్లీ కలిసినప్పుడు లూయీ మొదటి రౌండులోనే ష్మెలింగ్‌ని ముగించేశాడు. అంటే లోపం కనిపెట్టగానే పని అయిపోలేదు, దాన్ని వాడు ఈలోపు దిద్దుకున్నాడా అని కొత్త బౌట్లో వెతకాలి.

ఎడమ చెయ్యి ముందుంచి ఆడే ఆర్థడాక్స్‌కి సౌత్‌పా ఎదురైతే చేతులు వదిలేసి పాదాలు చూడు. ముందు పాదాలు రెండూ ఒకదానికొకటి అడ్డొస్తాయి, ఎవరి పాదం బయటివైపు పడుతుందో వాళ్ల వెనక చేతికి సూటి దారి దొరుకుతుంది. ప్రతి రౌండు చివరి అరనిమిషం విడిగా రాసుకో. అలసట అక్కడే బయటపడుతుంది: నోరు తెరుచుకుంటుంది, వెనక మడమ నేలకు ఆనుతుంది, కొట్టాల్సిన చోట పట్టుకోవడం మొదలవుతుంది. పన్నెండు రౌండ్ల బౌట్లో మెల్లగా వేడెక్కేవాడికి తీరిక ఉంటుంది. అమెచ్యూర్‌లో మూడు రౌండ్లే, మొదటిది పోయిందంటే సగం పోయినట్టే.

ఇప్పుడు ఒక పాత తప్పు గురించి కాస్త పొడుగ్గా రాస్తాను, కోప్పడకు. 2024 పారిస్ ఒలింపిక్స్ అప్పుడు నీ వాట్సాప్ స్టేటస్ ‘గోల్డ్ పక్కా’. నువ్వొక్కదానివే కాదు, మన ఊళ్లో సగం మంది అదే పెట్టారు. నిఖత్ జరీన్ నిజామాబాద్ పిల్ల, 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో ప్రపంచ ఛాంపియన్, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో మళ్లీ ఛాంపియన్. ప్రేమ ఎలాగూ ఉంది, పతకాలూ ఉన్నాయి, ఇంకేం కావాలి అనుకున్నారు. కానీ బౌట్లకు ముందే కాగితం మీద ఉన్నవి చూడు. ఆమెకు సీడింగ్ లేదు, అంటే గట్టివాళ్లు మొదట్లోనే ఎదురుకాకుండా డ్రాలో ఇచ్చే పైస్థానం దక్కలేదు. డ్రాలో రెండో బౌట్లోనే మొదటి సీడ్, చైనా అమ్మాయి వూ యూ ఎదురుగా ఉంది. వూ యూ కూడా 2023 ఢిల్లీలోనే ప్రపంచ ఛాంపియన్, కాకపోతే 52 కిలోల్లో. బరువులు వేరు కాబట్టి అక్కడ ఇద్దరూ తలపడలేదు. పారిస్‌లో ఆ 52 కిలోల ఛాంపియన్ 50కి దిగి వచ్చింది. మన రెండు బంగారాల్లో వూ యూ గురించి ఒక్క ముక్క సమాచారం లేదన్నమాట.

రెండోది బరువు. ప్రొఫెషనల్ బౌటుకు ముందు రోజు తూకం ఉంటుంది, తిని తాగి కోలుకోవడానికి దాదాపు ఒక రోజు దొరుకుతుంది. ఒలింపిక్స్‌లో బౌటు ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే తూగాలి. రెండు రోజులుగా తినలేదని, తూకం అయ్యాకే నీళ్లు తాగానని, కోలుకునే టైమ్ లేకపోయిందని ఓడిన తర్వాత నిఖతే చెప్పింది. ఐదుగురు జడ్జీలూ అవతలి వైపే, 5-0తో పోయింది. ఆ వూ యూనే చివరికి బంగారం కొట్టింది.

మూడోది నీలాంటి లెక్కల పిల్ల చేయకూడనిది. సీడ్ లేనప్పుడు కాంస్యానికి మూడు గెలుపులు కావాలి, బంగారానికి ఐదు. ఒక్కో బౌటూ గెలిచే అవకాశం 80 శాతమనే అనుకో, అది చాలా ఉదారంగా వేసిన లెక్క. ఐదుసార్లు హెచ్చిస్తే 33 శాతం. 70 అనుకుంటే 17. ‘పక్కా’ అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది మరి? నిఖత్ ఓడినందుకు నిన్ను తప్పుపట్టడం లేదు. 33 శాతమని రాసి ఉంటే, ఓడినా నీ అంచనా నిలబడేది. ఆ సాయంత్రం నువ్వు అన్నం తినలేదని మీ అమ్మ చెబితే నాకూ ముద్ద దిగలేదు, అది వేరే సంగతి. అందుకే చెబుతున్నా, మన పిల్లల బౌట్లకు ఛానల్లో అంచనా వేయకు. చూడు, కేకలెయ్యి, ఏడ్చెయ్యి. లెక్క మాత్రం వేయకు.

గాయాల వార్తలు చివరి గంటదాకా చూస్తూనే ఉండు. 2023లో తాష్కెంట్‌లో మన హుసాముద్దీన్ మోకాలి దెబ్బతో సెమీఫైనల్ ఆడలేకపోయాడు. అలాంటప్పుడు నీ విశ్లేషణ ఎంత బాగున్నా చింపి పారేయడమే.

తూకం వీడియో ఉంటే తప్పకుండా చూడు. పెదాలు పగిలి, బుగ్గలు లోపలికి పోయి, టవల్ చాటున రెండోసారి తూగాడంటే నీ అంకె తగ్గించు. హెవీవెయిట్‌లో పరిమితి లేదు కాబట్టి అక్కడ తలకిందులుగా చూడాలి. 2019 జూన్‌లో ఆండీ రూయిజ్ 268 పౌండ్లతో వచ్చి ఛాంపియన్ ఆంథనీ జాషువాను పడగొట్టాడు. డిసెంబరు రీమ్యాచ్‌కి 283తో వచ్చాడు, జాషువా 237కి తగ్గి వచ్చాడు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే రూయిజ్ ఎలా సాధన చేశాడో, జాషువా ఎలా ఆడబోతున్నాడో రెండూ తెలిసిపోతాయి. జాషువా దూరం నుంచే ఆడి పాయింట్ల మీద గెలిచాడు.

జడ్జీలను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఎల్బీ స్టేడియంలో ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకిది కాస్త ఎక్కువ పట్టింపు. రింగు పక్క నుంచి చూస్తే ఒక్కోసారి రిఫరీ వీపే కనబడుతుంది, అవతలి పక్కన తగిలిన దెబ్బ చప్పుడు మాత్రమే వినబడుతుంది. 2017లో కనేలో, గొలోవ్‌కిన్ బౌటుకు ఒక జడ్జి 115-113 గొలోవ్‌కిన్‌కి, ఇంకొకరు 114-114, మూడోవారు 118-110 కనేలోకి ఇచ్చారు. అదే బౌటు, అదే రాత్రి. ప్రొఫెషనల్‌లో ముగ్గురు, ఒలింపిక్స్‌లో ఐదుగురు. బౌటు ఎవరి ఊళ్లో, ఏ ప్రమోటర్ పెట్టిన షోలో జరుగుతోందో చూసుకుని, పాయింట్ల మీద గెలవాల్సిన బయటి ఊరివాడికి కొంచెం కోత పెట్టు. నాకౌట్‌తో గెలిచేవాడికి ఆ కోత అక్కర్లేదు. అందుకే ఒక్క అంకెతో సరిపెట్టకుండా నాకౌట్ ఎంత, పాయింట్లు ఎంత, డ్రా ఎంత అని విడగొట్టి రాయాలి.

నీ అంకె రాశాకే విదేశీ బుకీల ధరలు చూడు, ముందు చూశావంటే నీ అంకె వాటి పక్కకే జరుగుతుంది. ధర అంటే ఒక రూపాయి కాసి గెలిస్తే తిరిగొచ్చే మొత్తం, చదవడం తేలికే. 100ని ధరతో భాగిస్తే శాతం వస్తుంది. ఫేవరెట్ 1.22 అంటే 82, డ్రా 17 అంటే 5.9, అవతలివాడు 4.60 అంటే 21.7. కూడితే 109.6 వస్తుంది. ఆ పైనున్న 9.6 బుకీ కోసుకునే భాగం. బాగా అంచనా వేసేవాళ్లు కూడా డబ్బు పోగొట్టుకునేది దీనివల్లే, ఎవరు గెలుస్తారో తెలిసినా సరిపోదు, ఆ కోతను మించి తెలియాలి. ధరలూ తప్పుతాయి. 1990లో టోక్యోలో టైసన్‌ని కొట్టిన బస్టర్ డగ్లస్ ధర ఒకచోట 42కి 1 (ఒకటి కాస్తే 42 లాభం, మన లెక్కలో ధర 43), అంటే 2.3 శాతం. అలాంటిది ఒకటి జరిగిందని ప్రతి అండర్‌డాగ్‌లోనూ డగ్లస్‌ని వెతకడం ఇంకో జబ్బు.

ఒక నోట్‌బుక్ పెట్టు, ఎక్సెల్ అయినా సరే. తేదీ, బరువు తరగతి, నీ శాతం, రెండు వాక్యాల్లో కారణం, బుకీ శాతం, ఫలితం. బౌటు అయ్యాక గెలుపును 1గా, ఓటమిని 0గా వేసుకుని, నీ శాతానికీ (70 అంటే 0.7) ఫలితానికీ ఉన్న తేడాను వర్గం చెయ్యి. 0.7 అన్నవాడు గెలిస్తే 0.09, ఓడితే 0.49. ప్రతిదానికీ 0.5 అని కళ్లు మూసుకుని రాసినా సగటు 0.25 వస్తుంది. నూరు బౌట్ల తర్వాత నీ సగటు అంతకంటే పైనుంటే చూడ్డంలో లోపముంది. కిందనే ఉండి, బుకీ సగటు ఇంకా కిందుంటే దాని మీద గెలవలేదనే అర్థం. అది సిగ్గుపడాల్సింది కాదు, ఎక్కువమంది అక్కడే ఉంటారు. కారణాల గడి మాత్రం ఖాళీగా వదలకు. గెలిచిన అంచనాల్లో కూడా కారణం తప్పినవి చాలా ఉంటాయి, వాటినీ ఓటమి కిందే రాసుకో.

ఛానల్ పెట్టు. అంచనా, కారణం, నీ పాత స్కోరు అన్నీ బయటపెట్టు, ఓడినవి డిలీట్ చెయ్యకు. ‘జాక్‌పాట్’, ‘ష్యూర్ షాట్’ అన్న మాటలు రానీయకు. ఎవరైనా మెసేజ్ పెట్టి ఎంత కాయమంటావని అడిగితే జవాబివ్వకుండా బ్లాక్ చెయ్. అప్పు యాప్‌ల నుంచి తీసి కాసేవాళ్లు ఉంటారు, వాళ్ల పాపం నీ తలకి చుట్టుకోకూడదు. బయోలో ఏదో యాప్ లింకు ఇప్పటికే ఉందని మీ తమ్ముడు అన్నాడు. ఉత్తరం చదవడం ఆపి ముందు దాన్ని తీసెయ్. తీశాక స్క్రీన్‌షాట్ నాకు పంపు. ఆదివారం మొదటి పది షీట్లు పట్టుకుని ఇంటికి రా, మీ అత్త బగారా అన్నం చేస్తానంది.

మామయ్య