ఆసుపత్రి మరణాల అంకెతో ఊరి జబ్బు తేల్చకు

తమ్ముడూ,

వ్యాసం చదివాను. నీ వాక్యం బాగా నడుస్తుంది, ఆ దిగులు నాకు లేదు. కానీ మెదడు క్యాన్సర్ హైదరాబాద్‌లో ఎక్కువ, ఆదిలాబాద్ వైపు తక్కువ అని మొదట్లోనే తేల్చేశావు చూడు, అది నిలవదు. నువ్వు తీసుకున్నవి ఆసుపత్రి మరణాలు. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మన దగ్గర చావును జరిగిన చోటే నమోదు చేస్తారు. ఆదిలాబాద్ వైపు ఉట్నూరు నుంచి నిమ్స్ ఆసుపత్రికో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో వచ్చి చనిపోతే అది హైదరాబాద్‌లోనే నమోదవుతుంది. ఇక లాభం లేదన్నాక ఇంటికి తీసుకెళ్లిపోతారు కదా, అక్కడ పోతే కారణం రాసే డాక్టరే చాలాసార్లు ఉండడు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే.

జబ్బు బయటపడాలన్నా స్కానింగ్ కావాలి. ఫిట్స్ వచ్చిన మనిషికి మూర్ఛ మాత్రలిచ్చి పంపేస్తే లోపల గడ్డ ఉందని ఎవరికి తెలుస్తుంది? ధనిక దేశాల్లో కేసులు ఎక్కువ కనబడటానికి ఇదీ ఒక కారణం. నువ్వు పోలికకు పెట్టిన అమెరికా అంకె మాత్రం తీసెయ్, 2004 నుంచి వాళ్లు క్యాన్సర్ కాని మెదడు గడ్డల్నీ లెక్కిస్తున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకితే అది కూడా వేరే లెక్క, మెదడు క్యాన్సర్‌లో కలపరు.

ప్రాంతాల్ని పోల్చాలంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) జనాభా క్యాన్సర్ రిజిస్ట్రీలు చూడు, అవి ఒక ప్రాంతంలో ఉండేవాళ్ల క్యాన్సర్ కేసులన్నీ నమోదు చేసే పట్టికలు. అక్కడ రోగి ఎక్కడ వైద్యం చేయించుకున్నా నివాసాన్ని బట్టే రాస్తారు. వయసు సర్దుబాటు చేసిన రేటే తీసుకో, లేకపోతే ముసలివాళ్లు ఎక్కువున్న చోట జబ్బే ఎక్కువన్నట్టు కనబడుతుంది.

నువ్వు అసలు రాయాల్సింది నీ వ్యాసంలో ఒక్క లైనులో దాటిపోయింది. గ్లియోబ్లాస్టోమా అనే, వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్‌కి ఆపరేషన్ తర్వాత రేడియేషన్ మామూలుగా ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు. 2005లో వచ్చిన ట్రయల్‌లో రేడియేషన్ ఒక్కటే ఇస్తే సగం మంది 12.1 నెలలు దాటి బతికారు, టెమోజోలమైడ్ అనే కీమో మాత్ర కలిపితే అది 14.6 నెలలైంది. ఆ కొద్ది నెలల కోసం ఊరి నుంచి వచ్చిన కుటుంబం ఆరు వారాలు సిటీలో ఎక్కడ ఉంటుంది, కూలి పోతే ఇల్లెలా గడుస్తుంది, మధ్యలో మానేసి వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారు? ప్రాంతానికీ ప్రాంతానికీ తేడా నాకు ఇక్కడే గట్టిగా కనబడుతుంది. ఆసుపత్రి బయట రోగికి తోడుగా ఉండే ఇంటివాళ్లతో మాట్లాడు, తొందరపెట్టకు, పేర్లు అడగకు. మొదటి స్కాన్ ఏ ఊళ్లో తీశారో, అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి ఎన్నాళ్లు పట్టిందో మాత్రం తప్పకుండా అడుగు. ఆ తర్వాత రాసింది నాకు పంపు.